గది లేని తలుపు

నేను ఎనిమిదో తరగతి రెండేళ్ళు చదివాను. ఆ తరగతిని అంత శ్రద్ధగా మా బడిలో ఇంకెవరూ చదవలేదు. మూడో ఏడు కూడా చదివేవాణ్ణే గానీ, బెంచీ కింద నా మోకాళ్ళు పట్టడం మానేశాయి. హెడ్మాస్టరుగారు మా నాయన్ని పిలిపించి, "మీవాడు ఈ బడికి పెద్దవాడైపోయినాడయ్యా" అన్నారు. అది పొగడ్త అనుకుని మా నాయన సాయంత్రానికల్లా ఆయన ఇంటికి రెండు కేజీల రొయ్యలు పంపించాడు.

అలాంటి నేను పోయిన వారం ఒక ఇంటర్వ్యూలో కూర్చున్నాను. జవాబులు చెప్పే వైపు కాదు, ప్రశ్నలు అడిగే వైపు. నేను పనిచేసేది రొయ్యపిల్లల్ని పెంచి చెరువులకు అమ్మే హేచరీలో. ల్యాబులోకి ఒక మనిషి కావలసివచ్చి, మా మేనేజరుగారు, "నువ్వు కూడా వచ్చి కూర్చో, మూడో కుర్చీ ఖాళీగా ఉంది" అన్నారు. కుర్చీ ఖాళీగా ఉండటమే నా అర్హత.

ముగ్గురు వచ్చి వెళ్ళారు. నాలుగో మనిషి ఇరవై రెండేళ్ళ అమ్మాయి. లోపలికి అడుగుపెట్టి, మాకు వీపు చూపించకుండా పక్కకు తిరిగి, ఒక చేత్తో పిడి పట్టుకుని, రెండో అరచేతిని తలుపు అంచుకు ఆనించి, చీమకు కూడా వినపడకుండా మూసింది. కుర్చీని లాగలేదు, కాస్త ఎత్తి జరిపి కూర్చుంది.

నేను పకపకా నవ్వేశాను. మేనేజరుగారు నా వైపు ఉరిమి చూశారు. ఆ అమ్మాయి బిత్తరపోయింది.

"నిన్ను చూసి కాదమ్మా. ఆ తలుపు మూయడం ఎవరు నేర్పినారు నీకు?"

"మా నాయన సార్."

"ఆయనకెవరు నేర్పినారు?"

"ఎవరో అటెండరు పెద్దాయనంట సార్. పెరట్లో గది లేకుండా ఉత్త తలుపు పెట్టుకున్నాడంట. మా నాయన చెప్తా ఉంటాడు, మేం నమ్మం."

నమ్మాలి. ఆ తలుపులోంచి నేను తక్కువలో తక్కువ రెండు వందల సార్లు నడిచాను.

ఆయన నెల్లూరులో ఒక సర్కారు ఆఫీసులో ముప్పై ఏళ్ళు అటెండరుగా చేశాడు. ఆ ముప్పై ఏళ్ళూ ఒకే తలుపు దగ్గర. పెద్ద ఆఫీసరుగారి గది అది. ఉద్యోగాలకు ఇంటర్వ్యూలు జరిగేది ఆ గదిలోనే. ఈయన బయట స్టూలు మీద కూర్చుని పేర్లు పిలవాలి, తలుపు తియ్యాలి, బల్ల మీద నీళ్ళ గ్లాసు పెట్టి రావాలి, తలుపు వెయ్యాలి. ఈయన రిటైరయ్యే ఏడు ఆ ఆఫీసును బాగుచేసి అద్దాల తలుపులు పెట్టించారు. పాత సామాను వేలం వేస్తే, తోటి ఉద్యోగులు బీరువాలూ టేబుళ్ళూ పాడుకున్నారు. ఈయన ఆ తలుపును పాడుకున్నాడు, గుమ్మంతో సహా. ట్రాలీ ఆటోలో దాన్ని పడుకోబెట్టి, పక్కన తను కూర్చుని, పేషెంటును ఆస్పత్రి నుంచి ఇంటికి తెచ్చినట్టు మా ఊరికి తెచ్చాడు.

"ఇంటికి తలుపు ఉండాది గదా. మళ్ళీ ఇదెందుకు?" అని పెద్దమ్మ అడిగిందట. పెద్దమ్మ అంటే ఆయన భార్య. మాకు చుట్టరికమేమీ లేదు. మా ఊళ్ళో వయసును బట్టే వరసలు. ఆయన నాకు పెదనాయన, ఆమె పెద్దమ్మ.

"ఇది ఇంటికి కాదు మే" అన్నాడట ఆయన.

పెరట్లో రెండు లావుపాటి సరుగుడు గుంజలు పాతి, మధ్యన గుమ్మం నిలబెట్టి, తలుపు బిగించాడు. చుట్టూ గోడ లేదు, పైన కప్పు లేదు. కోళ్ళు దాని పక్కనుంచే తిరిగేవి. మనుషులకు మాత్రం ఆ హక్కు లేదు. కొత్తగా వచ్చినవాడెవడైనా తలుపును చుట్టి పోబోతే, "రేయ్, యాడికిరా? గోడ కనపడలా నీకు?" అని కేక పడేది. లేని గోడకు జడిసి వాడు వెనక్కి వచ్చేవాడు.

తలుపుకు ఇవతల ఆయన స్టూలు. అవతల ఒక చెక్క బల్ల, మూడు ప్లాస్టిక్ కుర్చీలు, వాటికి ఎదురుగా నాలుగోది. ఆదివారం చర్చి అయిపోగానే ఇంటర్వ్యూ కాగితం అందినవాళ్ళు చుట్టుపక్కల ఊళ్ళ నుంచి కూడా వచ్చేవారు. రొయ్యల ప్లాంటులో సూపర్‌వైజరు పని, బ్యాంకులో గుమాస్తా పని, నర్సు పని, బస్సు కండక్టరు పని, ఏదైనా ఒకటే తలుపు. ఆఫీసర్ల కుర్చీల్లో ఆ రోజుకు ఎవరు ఖాళీగా దొరికితే వాళ్ళు కూర్చునేవారు. నడిమి కుర్చీ మాత్రం పెద్దమ్మది. ఒళ్ళో చాటలో ఎండుచేపలు ఏరుకుంటూ ప్రశ్నలు అడిగేది. "మీ అమ్మకు మోకాళ్ళు ఎట్టుండాయి?" అన్నది ఆమెకు ఇష్టమైన ప్రశ్న. డిగ్రీలు చదివినవాళ్ళు దానికి తడబడటం నేను చూశాను.

"లోపల ఏం అడుగుతారో నాకు తెలవదు" అని ఆయన ముందే చెప్పేసేవాడు. "తలుపు మూసినాక నాకేం వినపడేది కాదు. మనిషి లోపలికి ఎట్టా పోతాడు, బయటికి ఎట్టా వస్తాడు, ఈ రెండే నాకు తెలుసు. మధ్యలోది మీరు చూసుకోండి."

సన్నగా, నిట్టనిలువుగా ఉండేవాడు. అర చేతుల తెల్ల చొక్కాకు గొంతు దాకా గుండీలు. జేబులో ఒక పెన్ను. దానితో ఆయన ఏదైనా రాయగా చూసినవాడు లేడు. గుమ్మం కనిపిస్తే చాలు, దాని మధ్యలోంచి నడిచి పోలేకపోయేవాడు; ఒక పక్కకు ఒదిగి నిలబడిపోయేవాడు. పెళ్ళికి వెళ్ళినా అంతే. వచ్చినవాళ్ళంతా ఆయన పెళ్ళికూతురి తరఫు పెద్దమనిషి అనుకుని నమస్కారాలు పెట్టి లోపలికి పోయేవారు. భోజనాలు అయిపోతున్నాయని ఎవరో ఒకరు గుర్తుచేసి తీసుకుపోవాలి.

మా ఊరు సముద్రానికి అరమైలు. మధ్యాహ్నం దాటితే గాలి మొదలవుతుంది. ఆ గాలికి పెరట్లో తలుపు ఊరంతా వినపడేటట్టు దబ్బున కొట్టుకునేది. దాన్ని చప్పుడు లేకుండా మూయడమే మొదటి పాఠం. "ఈ గాలిలో ఈ తలుపు మూసినోడికి నెల్లూరులో ఫ్యాను కింద తలుపు ఒక లెక్కా?" అనేవాడు. నాకు అది కుదరడానికి మూడు ఆదివారాలు పట్టింది, ఎడమచేతి బొటనవేలు నల్లబడింది. పోయినేడు ఆయన పోయినప్పుడు ఎక్కడెక్కడి నుంచో జనం వచ్చారు. పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా ఆ ఇంటి తలుపు తీస్తూనే ఉన్నారు, మూస్తూనే ఉన్నారు. ఒక్కసారి కూడా చప్పుడు కాలేదు.

రెండో పాఠం ఫైలు. "అది చంటిబిడ్డ కాదు, గుండెలకి అదుముకోవద్దు. చేపల బుట్ట కాదు, ఊపుకుంటా పోవద్దు." మూడోది నవ్వు. "రెండు పళ్ళు చాలు. ముప్పై రెండూ ఉద్యోగం వచ్చినాక చూపించు." ఇక అన్నిటికంటే ఎక్కువ గొంతు చించుకున్నది చెప్పుల గురించి. మావైపు పల్లెల్లో ఆఫీసు గది అంటే దేవుడి గది లెక్క. చెప్పులు బయట విడిచి లోపలికి పోతాం. ఎవరూ చెప్పరు, కాళ్ళే విడిచేస్తాయి.

"చెప్పులతోనే పోండి" అని ఆయన బతిమాలేవాడు. "ముప్పై ఏళ్ళు చూసినా. చెప్పులు బయట విడిచినోడి ప్రాణం లోపల ఉండదు. సార్లు ఏదో అడుగుతా ఉంటారు, వీడు కొత్త చెప్పులు ఎవురు తొడుక్కుపోయినారో అని ఆలోచిస్తా ఉంటాడు."

ఒక ఆదివారం పాఠం జరుగుతుండగా శ్రీహరికోట నుంచి రాకెట్ లేచింది. కుర్చీలో కూర్చుని ఉన్న నర్సు పిల్ల తల తిప్పబోయింది. "చూడొద్దు!" అన్నాడు ఆయన. "లోపలున్న మనిషికి బయట రాకెట్ లేచినా కనపడకూడదు." ఆ పిల్ల మెడ బిగపట్టుకుని కూర్చుంది. నేను పక్కకు చూస్తే, ఆయన స్టూలు మీదికి ఎక్కి, చెయ్యి నుదుటికి అడ్డం పెట్టుకుని, నోరు తెరిచి ఆకాశంలోకి చూస్తున్నాడు.

"నువ్వు చూస్తా ఉండావే పెదనాయనా!"

"నేను బయటోణ్ణి కదరా."

ఇక నా సంగతి. నేను పదేళ్ళు ఒక రైతు దగ్గర రొయ్యల చెరువు మీద పనిచేశాను. మోటార్లు తిప్పడం, మేత చల్లడం, నీళ్ళు చూడటం. వరసగా రెండు పంటలు జబ్బు తగిలి పోయేసరికి ఆ రైతు చెరువు ఎత్తేసి, బుచ్చిరెడ్డిపాలెం దగ్గర తన వరిపొలానికి వెళ్ళిపోయాడు. నేను గట్టు మీద మిగిలాను.

అప్పుడు మా మామగారు కబురు పెట్టాడు. సూళ్ళూరుపేట దగ్గర ఆయనకు ఐసు ఫ్యాక్టరీ ఉంది. మంచి మనిషి. నవ్వడు, అంతే. మా పెళ్ళిలో నేను వేసిన ఒక జోకుకు పందిరి మొత్తం నవ్వింది. అంతా సర్దుకున్నాక ఆయన నా దగ్గరికి వచ్చి, "అయితే?" అన్నాడు. ఆ మామగారి కబురు ఏమిటంటే, "నెలాఖరు దాకా చూడు. ఉద్యోగం దొరక్కపోతే మూట సర్దుకుని వచ్చెయ్. దిమ్మలు మొయ్యడానికి మనిషి కావాలి."

ఐసు మోయడానికి నాకు భయం లేదు. రోజంతా ఆ మొహం ఎదురుగా ఉంటే నేను బతకను. నా భార్యకు అసలే ఇష్టం లేదు. ఊళ్ళో సగం మంది జాకెట్లు ఆమె మిషన్ మీదే కుట్టేది. "నువ్వు పోతే పో. ఆ చలిలోంచి పెళ్ళి చేసుకుని బయటపడినా. మళ్ళీ నేను రాను" అంది.

నేను ప్రయత్నించకపోలేదు. ఆ నెలలో అప్పటికే మూడు ఇంటర్వ్యూలకు వెళ్ళాను. రొయ్యల ప్లాంటులో, "ఎంతవరకు చదివావు?" అన్నారు. "బస్సు బోర్డు కనపడినంత వరకు సార్" అన్నాను. మేత కంపెనీలో, "నీ బలం ఏంటి?" అన్నారు. "భోజనం" అన్నాను. "బలహీనత?" అన్నారు. "భోజనం తర్వాత నిద్ర" అన్నాను. ఒక బడిలో వ్యాను డ్రైవరు పనికి పోతే, "మందు తాగుతావా?" అని అడిగారు. "ఇప్పుడొద్దు సార్, అయినాక" అన్నాను. నేను తాగను. కానీ ఆ ప్రశ్నకు ఆ జవాబు రాకుండా ఎట్లా ఉంటుంది?

ఇవన్నీ చెబుతుంటే పెద్దమ్మ చాట పక్కన పెట్టి, కొంగు నోట్లో కుక్కుకుని నవ్వింది. పెదనాయన నవ్వలేదు. నా చుట్టూ ఒకసారి తిరిగి, డాక్టరు లాగా, "నీ జబ్బు చదువు లేకపోవడం కాదురా. నోరు గమ్మునుండకపోవడం" అన్నాడు.

"మందేంది పెదనాయనా?"

"నీళ్ళు."

ఆయన వివరంగా చెప్పాడు. ఇంటర్వ్యూ గదిలో బల్ల మీద నీళ్ళ గ్లాసు పెడతారు. ముప్పై ఏళ్ళు ఆయనే పెట్టాడు. అడిగేవాళ్ళు తాగరు, చెప్పేవాళ్ళు తాగరు. సాయంత్రం నిండు గ్లాసు నిండుగానే తెచ్చి మొక్కలకు పోసేవాడు. "ఆ గ్లాసు నీ కోసమే పెట్టినారనుకో. జోకు గొంతు దాకా వచ్చిందా, తాగు. ఉండేది ఒకటే సందు. నీళ్ళు లోపలికి పోతా ఉంటే జోకు బయటికి యాడ వస్తుంది?"

హేచరీలో నీళ్ళ సెక్షనుకు మనిషి కావాలని, మరుసటి బుధవారం రమ్మని నాకు కాగితం వచ్చింది. నెలాఖరుకు ముందు అదే ఆఖరిది. పెదనాయన ఆదివారం దాకా ఆగలేదు. రోజూ సాధన. స్టూలు మీంచి లేచి, గొంతు సవరించుకుని, ఇంటి పేరుతో సహా నా పేరు చదివి, చివర "గారూ!" అనేవాడు. నన్ను జన్మలో గారూ అన్నది ఆయన ఒక్కడే, అదీ తలుపు ఇవతల. తలుపు దాటితే మళ్ళీ ఒరే.

"పెళ్ళయిందా నాయనా?" అనేది పెద్దమ్మ. నా పెళ్ళిలో పప్పు వడ్డించిన మనిషి.

"అయింది మేడం."

"కాపురం ఎట్టుండాది?"

నా మొహం చూసి తలుపు సందులోంచి ఆయన అరిచేవాడు. "నీళ్ళు!"

తాగేవాణ్ణి.

"మీ మామగారిది ఐసు ఫ్యాక్టరీ అంట గదా. ఆ చల్లదనం వదిలి ఈ ఎండలోకి ఎందుకొచ్చినావు?"

"నీళ్ళు! నీళ్ళు!"

మొదటి రోజు ఏడు గ్లాసులు తాగాను. ఎనిమిదో ప్రశ్నకు కూర్చోలేక లేచి సరుగుడు తోపు వైపు పరుగు తీశాను. వెనక నుంచి ఆయన కేక. "తలుపులోంచి పోరా!" ఆ అవస్థలో కూడా వెనక్కి వచ్చి, తలుపు తీసి, చప్పుడు కాకుండా మూసి, అప్పుడు పరుగెత్తాను.

బుధవారం పొద్దున పెద్దమ్మ నా తల మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేసింది. "ప్రభువా, వీడికి ఉద్యోగం ఇప్పించు. అది కుదరకపోతే, వీడి నోరు అరగంట మూయించు. రెండోదే కష్టమని మాకు తెలుసు తండ్రీ." నేను ఆమెన్ అనబోయి, అలవాటుగా నీళ్ళ కోసం చూశాను.

నా మోపెడ్ మీద పెదనాయన కూడా వెనక ఎక్కాడు. హేచరీ వరండాలో మేం పదకొండు మందిమి. గది గుమ్మం బయట అప్పటికే తొమ్మిది జతల చెప్పులు. తలుపు దగ్గర మనిషి లేడు. ఒక గుమాస్తా కుర్రాడు మాటిమాటికీ బయటికి తొంగిచూసి, "తర్వాత ఎవరబ్బా?" అంటున్నాడు. పెదనాయన ఒకసారి ఓర్చుకున్నాడు. రెండోసారి ఆ "ఎవరబ్బా" వినేసరికి ఆయన మొహం ఎర్రబడింది. లేచి వెళ్ళి, "ఇట్టా తే నాయనా" అని ఆ కుర్రాడి చేతిలోంచి జాబితా తీసుకున్నాడు. చొక్కా పై గుండీ సరిచూసుకుని, తలుపుకు కుడిపక్కన నిలబడి, తర్వాతి పేరు పిలిచాడు.

ఆ గొంతుకు వరండాలో అందరూ లేచి నిలబడ్డారు. వాచ్‌మన్ కూడా.

ఆ తర్వాత ఆ హేచరీ సర్కారు ఆఫీసు అయిపోయింది. ఎవరూ గట్టిగా మాట్లాడలేదు. లోపలివాళ్ళు ఈయన్ని మా తరఫు మనిషి అనుకోలేదు, మేనేజరు పెట్టించాడని యజమాని అనుకున్నాడట, యజమాని పంపించాడని మేనేజరు అనుకున్నాడట. నా వంతు వచ్చింది. పెదనాయన నా పేరు చదివాడు, గారూ అన్నాడు. నేను దగ్గరికి వెళ్తే, ఎన్నడూ చూడని మనిషిని చూసినట్టు చూసి, "ఆధార్ కార్డు తెచ్చినారాండీ?" అన్నాడు.

లోపల ముగ్గురు. నడుమ యజమాని, తెల్లజుట్టు మనిషి, చేతిలో కొబ్బరిబోండం. కుడిపక్కన మేనేజరు, టీ గ్లాసు. ఎడమపక్కన ల్యాబు మేడం, ఇంటి నుంచి తెచ్చుకున్న సీసా. బల్లకు నా వైపున నిండు నీళ్ళ గ్లాసు. దాన్ని చూడగానే మా ఊరి మనిషిని చూసినట్టయింది.

"ఎనిమిదితో బడి మానేశావేం?" అన్నారు మేనేజరుగారు.

బెంచీ, మోకాళ్ళు, హెడ్మాస్టరు, అంతా గొంతులోకి వచ్చేసింది. గ్లాసు ఎత్తి ఒక గుక్క తాగి, "ఇంట్లో కుదరలేదు సార్" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా ఉంది.

"ముందు పనిచేసిన చెరువు ఎందుకు మూసేశారు?"

రొయ్యలు రాజీనామా చేసినాయి సార్. ఇది పెదవుల దాకా వచ్చింది. గబగబా రెండు గుక్కలు తాగాను. తాగి, ఆగిపోయాను.

చెరువు మీద పనిచేసేవాడికి ఒక అలవాటు ఉంటుంది. పొద్దున్నే చెరువులో చెయ్యి ముంచి, ఒక చుక్క నాలుక మీద వేసుకుని, ఉప్పు ఎంతుందో చూస్తాడు. రొయ్యకు ఉప్పు పెరిగినా కష్టం, తగ్గినా కష్టం. కొలిచే సాధనం ఉంటుంది గానీ, మా రైతుది పగిలిపోయి ఏళ్ళయింది. పదేళ్ళు నా నాలుకే ఆ సాధనం. ఆ నాలుక ఇప్పుడు ఆ గదిలో, నా అనుమతి లేకుండా, తన పని తను చేసేసింది.

"ఏమయ్యా, అట్లా మొహం పెట్టావు? నీళ్ళు బాగాలేవా?" అన్నారు యజమాని.

గమ్మునుండమని పెదనాయన వారం రోజులు నేర్పాడు. కానీ ఇది జోకు కాదు కదా.

"ఉప్పుండాది సార్."

"అది ఫిల్టరు నీళ్ళు. మా ప్లాంటులోంచి వస్తాయి" అన్నారు మేనేజరుగారు కాస్త కోపంగా.

"ఫిల్టరు సంగతి నాకు తెలవదు సార్. లీటరుకి ఒక గ్రాముకి పైన, రెండుకి లోపల ఉండాది ఉప్పు."

మేడం నవ్వింది. యజమాని నవ్వలేదు. "ఆ గ్లాసు తీసుకెళ్ళి చూడమ్మా" అన్నారు. మేడం గ్లాసు పట్టుకుని ల్యాబులోకి వెళ్ళింది. నా మందు వెళ్ళిపోయింది. బయట పెదనాయన, లోపల నోటికి అడ్డం లేకుండా నేనొక్కణ్ణే. చేతులు తొడల కింద పెట్టుకుని కూర్చున్నాను. ఇంత చేసి నాలుక తప్పయితే నెలాఖరుకు ఐసు దిమ్మ కిందే నా బతుకు.

మేడం వచ్చింది. నవ్వు లేదు. "ఒకటిన్నర ఉంది సార్" అంది.

ఆ నీళ్ళే పెద్ద ట్యాంకుల్లోకీ పోతాయట. రైతు చెరువులో ఉప్పు తక్కువుంటే, రొయ్యపిల్లల్ని పంపే ముందు ట్యాంకులో ఉప్పును కొంచెం కొంచెంగా ఆ మంచినీళ్ళతోనే తగ్గిస్తారట. మంచినీళ్ళే మంచివి కాకపోతే లెక్కంతా తప్పు.

"రోజూ తాగే నీళ్ళు కదయ్యా, ఇంతమందిలో ఒక్కరికీ తెలియలేదా?" అన్నారు యజమాని.

మేనేజరుగారు తన టీ గ్లాసు వైపు చూసుకున్నారు. మేడం తన సీసా వైపు చూసుకుంది. ఆఖరికి యజమాని తన కొబ్బరిబోండం వైపు చూసుకున్నారు. పెదనాయన చెప్పింది నిజం. ఆ గ్లాసులో నీళ్ళు ఆ గదిలో తాగింది నేనొక్కణ్ణే.

యజమాని బోండం కింద పెట్టి, "పొద్దున ఆరింటికల్లా రాగలవా?" అన్నారు.

గ్లాసు కోసం చెయ్యి చాచాను. గ్లాసు లేదు. ఆపుకోలేకపోయాను.

"మా మామగారి ఐసు ఫ్యాక్టరీ తప్పితే చాలు సార్, నాలుగింటికే వస్తా."

అయిపోయింది అనుకున్నాను. యజమాని బల్ల మీదికి వంగారు. "నేను కూడా మా మామగారి రైసుమిల్లులో మూడేళ్ళు పనిచేశానయ్యా" అన్నారు. ఇక నవ్వు మొదలైంది. మేనేజరుగారి టీ ఒలికింది. "ఒకటో తేదీ నుంచి రా. ముందు ఆ ఫిల్టరు సంగతి చూడు" అన్నారు యజమాని.

బయటికి వచ్చాను. ఎలా వచ్చానో గుర్తులేదు. పెదనాయన ఒక్క మాట అడగలేదు. వాచ్‌మన్ వైపు తిరిగి, "వచ్చేసింది" అన్నాడు.

"నీకెట్టా తెలుసు? వినపడిందా?"

"తలుపు బార్లా తెరిచి వచ్చినావు. ఇన్నాళ్ళు నేర్పినా మూయడం మర్చిపోయినావు. మూయాలనే ధ్యాస ఉన్నోడికి ఇంకా రాలేదని అర్థం."

వెనక్కి చూశాను. నిజమే. లోపల ముగ్గురూ ఇంకా నవ్వుతూ కనిపిస్తున్నారు. పెదనాయన వెళ్ళి, పక్కకు ఒదిగి, ఒక చేత్తో పిడి పట్టుకుని, రెండో అరచెయ్యి అంచుకు ఆనించి, ఆ తలుపు మూశాడు. ఆయన మూస్తే గాలికి కూడా తెలియదు. తర్వాతి పేరు పిలిచాడు. మిగిలిన నలుగురూ అయిపోయేదాకా అక్కణ్ణుంచి కదల్లేదు. ఉద్యోగం వచ్చింది నాకు, డ్యూటీ ఎక్కింది ఆయన. వెళ్ళేటప్పుడు గుమాస్తా కుర్రాడు, "రేపు కూడా వస్తారా సార్?" అని అడిగాడు.

మధ్యాహ్నం వాళ్ళింట్లోనే భోజనం. పెద్దమ్మ కానాగంత చేపల పులుసు పెట్టింది. నా భార్య కూడా వచ్చింది, మిషన్ వదిలేసి. మామగారికి ఫోన్ చేసి చెప్పిందట. ఆయన అంతా విని, "అయితే?" అన్నాడట. నాకు ఆ రోజు అది కూడా ముద్దుగానే వినిపించింది. వారం రోజుల జోకులు లోపల పేరుకుపోయి ఉన్నాయి. ఒక్కొక్కటే బయటికి వదులుతున్నాను.

"పెదనాయనా, నా సంగతి సరే. నీ ఉద్యోగం ఇంటర్వ్యూలో నువ్వేం చేసినావు? నీళ్ళు తాగినావా, తలుపు మింగినావా?"

పెదనాయన తల వంచుకుని అన్నం కలుపుతున్నాడు. పెద్దమ్మ గరిటె పట్టుకుని నిలబడే నవ్వింది.

"ఈయనకి ఇంటర్వ్యూ యాడిది నాయనా? వాళ్ళ నాయన అదే ఆఫీసులో అటెండరు. సర్వీసులో ఉండగానే పోయినాడు. పిలిచి ఈయనకి ఇచ్చినారు ఆ స్టూలు. ఇంతవరకు ఇంటర్వ్యూ కుర్చీలో కూర్చున్న మనిషి కాదు ఈయన."

నా చేతిలో ముద్ద కంచంలో పడింది. నా భార్య నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. మూడు ఆదివారాలు నా బొటనవేలు నలిపించి, వారం రోజులు పొట్టనిండా నీళ్ళు తాగించి, తోపులోకి పోవడానికి కూడా తలుపు తీయించిన మనిషి!

"ఒక్క ఇంటర్వ్యూకి కూడా పోకుండానే మాకందరికీ నేర్పినావా పెదనాయనా? ఏం మొహం పెట్టుకుని నేర్పినావు?"

ఆయన తొందరపడలేదు. నోట్లోంచి ముల్లు తీసి, కంచం అంచున జాగ్రత్తగా పెట్టాడు.

"నువ్వెన్నిటికి పోయినావు?"

"నాలుగు."

"ఎన్ని తప్పినావు?"

"మూడు."

"నేను ఇంతవరకు ఒక్కటి తప్పలా. ఇంక ఎవురు ఎవురికి నేర్పాల్రా?"